తమ్ముడి సినిమా చూసి ఏం చెప్పాలి?

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయురాలిని. ఏడాదిగా మేము ఏడెనిమిది మంది స్నేహితులం నెలకు రెండు ఆదివారాలు ఒకరింట్లో కూర్చుని, పెద్ద సంస్థల అండ లేకుండా తీసిన సినిమాలు చూస్తున్నాము. తమిళ సినిమా ‘కూళాంగల్’ చూసిన రోజున మొదటి అరగంట విసుగు పుట్టిందని నేను చెబితే, ఒకాయన ‘మీకింకా ఆ స్థాయి రాలేదు’ అన్నారు. ‘కేరాఫ్ కంచరపాలెం’ చూసి నేను ఏడిస్తే, అది వట్టి సెంటిమెంట్ అని తేల్చేశారు. అప్పటినుంచి ఏది చూసినా ‘బాగుంది’ అని ఊరుకుంటున్నాను. ఇప్పుడు మా పిన్ని కొడుకు సొంతంగా గంటా నలభై నిమిషాల సినిమా తీశాడు. పిన్ని నగలు తాకట్టు పెట్టి తీసిన సినిమా అది. నాకు లింకు పంపి, ‘అక్కా, నీ అభిప్రాయం ఉన్నదున్నట్టు చెప్పు’ అన్నాడు. రెండుసార్లు చూశాను. మొదలూ చివరా నచ్చాయి, మధ్యలో సినిమా చేజారిపోయింది. నిజం చెబితే వాడు కుంగిపోతాడేమోనని భయం, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుందని బాధ. ఏం చెయ్యమంటారు?

— ఒక పాఠకురాలు

జవాబు: మీ తమ్ముడి సినిమాను రెండుసార్లు చూశానని రాశారు. గంటా నలభై నిమిషాల సినిమాను, అందులోనూ మధ్యలో చేజారిపోయిందని తోచిన సినిమాను, ఎవరూ బలవంతం చేయకుండా రెండోసారి కూర్చుని చూసిన మనిషికి సినిమా చూసే స్థాయి లేదనే హక్కు ఎవరికీ లేదు. ముందు ఈ మాట చెప్పి, ఆ తర్వాత మీ ఆదివారాల పేచీని, తమ్ముడి విషయాన్ని కలిపే మాట్లాడతాను. ఎందుకంటే అక్కడ ‘బాగుంది’ అని తప్పుకునే అలవాటే ఇక్కడ మీ నోరు కట్టేస్తోంది.

‘కూళాంగల్’ను నేనూ ఈమధ్య మళ్లీ చూశాను. పి.ఎస్. వినోద్‌రాజ్ తీసిన ఈ సినిమాకు 2021లో రాటర్‌డామ్ చిత్రోత్సవంలో టైగర్ అవార్డు వచ్చింది. ఆ ఏడాది మన దేశం తరఫున ఆస్కార్ పోటీకి వెళ్లినదీ ఇదే. మీ స్నేహితుడు స్థాయి అన్నప్పుడు ఆయన మనసులో ఈ గౌరవాలే మెదిలి ఉంటాయి. కథ చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. తాగుబోతు గణపతి, వేలు అనే తన కొడుకును బడిలోంచి లాక్కుని, పుట్టింటికి వెళ్లిపోయిన భార్యను వెనక్కి తెచ్చుకోవడానికి బయలుదేరతాడు. ఆమె అక్కడ ఉండదు, తిరుగుదారిలో తండ్రీకొడుకులు మదురై ప్రాంతపు ఎండిన నేల మీద మైళ్ల కొద్దీ నడుస్తారు. మిగిలినదంతా ఎండ, దుమ్ము, ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం.

మొదటి అరగంట విసుగు పుట్టిందన్నది మీ ఒంటికి తెలిసిన నిజం. దాన్ని దాచిపెట్టడం తప్పు, అదే తీర్పు అన్నట్టు అక్కడితో ఆగిపోవడమూ తొందరపాటే. ఆ విసుగు ఏ దృశ్యం దగ్గర మొదలైంది, ఏ దృశ్యం దగ్గర వదిలింది, లేక చివరిదాకా వదల్లేదా అని వెనక్కి వెళ్లి వెతుక్కోండి. నేను మొదటిసారి చూసినప్పుడు బస్సు ప్రయాణం అయ్యేదాకా నాకూ చిరాకుగానే ఉంది, ఎందుకంటే గణపతి కోపం మొదటి క్షణం నుంచీ ఒకే శ్రుతిలో ఉంటుంది. అరిచే మనిషి అరుస్తూనే ఉంటే కొంతసేపటికి మనకు అరుపు వినిపించడం మానేస్తుంది. ఇది ఆ సినిమాలోని లోపమేనని రెండోసారి చూశాక కూడా నేను నమ్ముతున్నాను. కానీ నడక మొదలయ్యాక నా చిరాకు వేరే రూపం తీసుకుంది. అది సినిమా మీద కాక ఎండ మీదకు మళ్లింది. మంచినీళ్లు తాగాలనిపించింది. పిల్లవాడు పగిలిన అద్దం ముక్కతో తండ్రి వీపు మీదకు ఎండను కొట్టే చోట నాకు తెలియకుండానే ముందుకు వంగి కూర్చున్నాను.

ఆ తర్వాత గులకరాయి. దాహానికి తట్టుకోలేక వేలు ఒక గులకరాయిని నోట్లో వేసుకుంటాడు. ఇల్లు చేరాక దాన్ని తీసి ఒకచోట పెడతాడు. అక్కడ అలాంటి రాళ్లు ఇదివరకే చాలా ఉన్నాయి. ఎవరూ ఒక్క మాట మాట్లాడరు, సంగీతం మనల్ని హెచ్చరించదు, అయినా ఆ పిల్లవాడు ఈ దారిలో ఇంతకుముందు ఎన్నిసార్లు నడిచాడో ఆ రాళ్లు చెప్పేస్తాయి. మీరు ఆ రాళ్లను గమనించారా? గమనిస్తే మీకేమనిపించింది? మీ ఆదివారపు గదిలో చెప్పవలసింది ఆ మాట. ‘మొదటి అరగంట నాకు విసుగ్గా ఉంది, రాళ్లు చూశాక ఆ అరగంట ఎందుకుందో కొంత అర్థమైంది, అయినా కొంత అనవసరమనే ఇప్పటికీ అనిపిస్తోంది’ అని మీరన్నారనుకోండి, దానికి ఎదురు మాట్లాడదలచుకున్నవారు సినిమాలోకి వెళ్లి మాట్లాడాలి, మీ స్థాయి దాకా రావడానికి వారికి దారి ఉండదు.

ఈ సినిమా గురించి మరొక సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. దర్శకుడి తోబుట్టువును భర్త ఇంటి నుంచి వెళ్లగొడితే ఆమె చంటిబిడ్డను ఎత్తుకుని 13 కిలోమీటర్లు నడిచి పుట్టింటికి చేరిందని, కథ అక్కడే పుట్టిందని ఆయనే చెప్పారు. సినిమాలో ఆ నడకను ఆయన స్త్రీకి కాక మగవాడికి అప్పగించారు. అది తెలిశాక నాకు గణపతి కాళ్ల కింది నేల మరింత వేడిగా అనిపించింది. అయితే ఇది తెలియకుండా చూసిన ప్రేక్షకుడి అనుభవం తక్కువదేమీ కాదు, తెర మీద లేని సమాచారంతో తెర మీది లోపాన్ని కప్పిపుచ్చడం నాకు నచ్చదు కూడా.

నెమ్మదిగా నడిచే సినిమా బయటి దేశాల నుంచి దిగుమతి అయిన రుచి అని, దాన్ని పట్టుకోవడానికి ప్రత్యేకమైన చదువు కావాలని మీ స్నేహితులు అనుకుంటూ ఉంటే, వారికి బి. నర్సింగరావుగారి ‘దాసి’ చూపించండి. 1988 నాటి సినిమా అది. తెలంగాణ గడీలో బతుకీడ్చే కమలాక్షి కథలో మాటలు చాలా తక్కువ. గోడలు, గుమ్మాలు, నీళ్లు మోసే చేతులు, పిలుపు వినపడగానే వంగే నడుము కథ చెబుతాయి. అర్చనకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠంగారికి పురస్కారం, అన్నీ కలిపి ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. అదే నర్సింగరావుగారు అంతకుముందు నిర్మాతగా ఉండి గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మా భూమి’ 1980లో విడుదలై, హైదరాబాదులో ఉదయం ఆటగా ఏడాదిపాటు ఆడింది. అందులోని పాటలను జనం పాడుకున్నారు. ఒకే మనిషి చేతుల మీదుగా మన భాషలోనే ఆ రెండు రకాల సినిమాలూ వచ్చాయి, రెండింటికీ మనవాళ్లే ప్రేక్షకులు. కాబట్టి మౌనం నచ్చితే ఎత్తు, పాట నచ్చితే పల్లం అన్న లెక్క మనకు పనికిరాదు.

ఇక మీ కన్నీళ్ల సంగతి. ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడనివారు ఎవరైనా ఉంటే, ఈ రెండు పేరాలు వదిలేసి ముందుకు వెళ్లమని మనవి, ఎందుకంటే దాని ముగింపు గురించి మాట్లాడకుండా ఆ సినిమా మీద నా అభిప్రాయం చెప్పలేను. వెంకటేశ్ మహా 2018లో తీసిన ఈ సినిమాలో విశాఖపట్నం కంచరపాలెం వాసులే ఎనభై మందికి పైగా నటించారు. అమెరికాలో వైద్యురాలైన ప్రవీణ పరుచూరి దీనికి డబ్బు పెట్టి, సలీమా పాత్ర కూడా వేశారు. నాకు ఆ సినిమాలో అన్నిటికంటే ఇష్టమైనది వైన్‌షాపు కిటికీ. అక్కడ పనిచేసే గడ్డం అనే మనిషి, రోజూ వచ్చి మందు కొనుక్కుని వెళ్లే ఒకావిడ కళ్లను మాత్రమే చూసి ప్రేమలో పడతాడు. ముసుగులోంచి ఆ కళ్లు తప్ప మరేమీ కనిపించవు, గల్లాపెట్టె పక్కన సీసా చేతులు మారే ఆ కొద్ది క్షణాలే వారి పరిచయమంతా. ఆ కిటికీ దగ్గర అతను నిలబడే తీరు, రద్దీలో కూడా ఆమె వంతు వచ్చేసరికి చేతులు కుదురుగా కదలడం చూస్తే, ఆ మనిషి నటన నేర్చుకుని వచ్చాడా లేదా అన్న ఆలోచనే రాదు.

అక్కడ ఏడుపు వచ్చిందంటే అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నాకూ వచ్చింది. నాలుగు వయసుల్లోని నాలుగు ప్రేమకథలు ఒకే మనిషి జీవితమని చివర తెలిసినప్పుడు, దాన్ని తెలివిగా దాచిన దర్శకుడి మీద గౌరవమూ కలిగింది. అయితే ఇంటికి వచ్చి పడుకున్నాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. చిన్ననాటి సునీత దూరమైపోతుంది, భార్గవికి మరొకరితో పెళ్లి చేస్తారు, సలీమా ప్రాణమే పోతుంది. ముగ్గురు ఆడవాళ్లకు జరిగిన అన్యాయాలు చివరికి రాజు అనే మంచి మనిషిని తయారుచేసిన మెట్లుగా మిగిలిపోయాయి. ముఖ్యంగా సలీమా చావు గురించి ఆ సినిమా ఇంకాస్త ఆగి ఉండవలసిందని నా ఫిర్యాదు. నేను ఏడ్చాను, నాకీ ఫిర్యాదూ ఉంది, రెండూ నిజాలే. మీ స్నేహితుడు సెంటిమెంట్ అన్నప్పుడు మీరు వాదించవలసిన అవసరం కూడా లేదు, ‘ఏ దృశ్యం గురించి అంటున్నారు?’ అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. దృశ్యం పేరు చెప్పగలిగితే అది అభిప్రాయం, మీరూ నేర్చుకునేది ఉంటుంది. చెప్పలేకపోతే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి సినిమాలకు కటువైన విమర్శ కంటే ఎక్కువ హాని చేసే మాట ఒకటుంది. ‘పాపం, చిన్న సినిమా కదా’ అన్న మాట. నేను ఆ తప్పు చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితుడు తన మొదటి సినిమా కూర్పు దశలో ఉండగా నన్ను పిలిచి చూపించాడు. పెళ్లి ఇంట్లో జరిగే ఒక సుదీర్ఘమైన దృశ్యంలో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు అర్థం కాలేదు. అతని భార్య మాకు టీ తెచ్చి పెడుతోంది, అతను నా మొహం వంకే చూస్తున్నాడు, నేను ‘చాలా బాగుంది, చేతిలో డబ్బు లేకపోయినా భలే తీశావు’ అన్నాను. ఏడాది తర్వాత సినిమా చూసిన ప్రతివారూ ఆ పెళ్లి దృశ్యం గురించే అడిగారట. ‘నీకు అప్పుడే తెలిసిందా?’ అని అతను అడిగినప్పుడు నేను అబద్ధం చెప్పలేకపోయాను. ‘ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, ఆ దృశ్యాన్ని మార్చి పెట్టడానికి అప్పుడు నా దగ్గర వేరే షాట్లు ఉన్నాయి’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు. డబ్బు లేకపోయినా అన్న నా మెచ్చుకోలులో, నీ దగ్గరనుంచి ఇంతకుమించి ఆశించలేదన్న చిన్నచూపు ఉందని నాకు ఆ రోజు తెలిసింది.

అందుకే మీరు తమ్ముణ్ని మొట్టమొదట అడగవలసింది ఒకటే: కూర్పు ముగిసిందా, ఇంకా చెయ్యి పెట్టే వీలుందా? మీరు చెప్పబోయే మాటల రూపం అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. వీలుంటే మీరు చెప్పేది పనికొచ్చే సలహా, కాబట్టి ఏదీ మింగకుండా చెప్పాలి. సినిమా పూర్తిగా ముగిసి చిత్రోత్సవాలకు దరఖాస్తులు కూడా వెళ్లిపోయి ఉంటే, సరిదిద్దలేని తప్పుల జాబితా చదవడం వల్ల అతనికి నిద్ర చెడడం తప్ప ప్రయోజనం ఉండదు. అప్పుడు నచ్చినవాటిని వివరంగా చెప్పి, మధ్యభాగం గురించి అతను అడిగినంత మేరకే మాట్లాడండి, తర్వాతి సినిమా కథ రాసుకునే వేళకు మిగతాది చెప్పవచ్చు. ఈ రంగంలో ఉన్నవారు పూర్తికాని సినిమాను చూపించుకోవడం తక్కువతనంగా భావించరు. గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఏటా నడిపే ఫిల్మ్ బజార్‌లో, ఇంకా కూర్పులో ఉన్న సినిమాలను అనుభవజ్ఞులు చూసి సలహాలివ్వడానికే ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. మీ తమ్ముడు కూర్పు ఇంకా ముగించకపోతే ఆ సంగతి కూడా అతని చెవిన వెయ్యండి.

చెప్పే పద్ధతి గురించి. ‘మధ్యలో జారిపోయింది’ అన్న మాటను అలాగే అతని ముందు పెట్టకండి. అది మీ మనసులో కుదిరిన సారాంశం, దానితో అతను చెయ్యగలిగింది ఏమీ లేదు. మూడోసారి చూడండి, ఈసారి పక్కన కాగితం పెట్టుకోండి. మీ చెయ్యి ఫోన్ వైపు వెళ్లిన నిమిషం రాసుకోండి. ఎవరో ఏదో అన్నారు, వినబడలేదు అనిపించిన చోటు రాసుకోండి. ఒక పాత్ర ఎందుకలా చేసిందో తెలియని చోటు, మీకు తెలియకుండా నవ్విన చోటు, ఊపిరి బిగబట్టిన చోటు, అన్నీ నిమిషాలతో సహా రాసుకోండి. ‘నలభై రెండో నిమిషంలో ఆ అబ్బాయి ఊరు విడిచి వెళ్తున్నాడని నాకు తెలియలేదు, అందుకే తర్వాతి పది నిమిషాలు అతని కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను’ అంటే, కూర్పు చేసే మనిషికి అది బంగారం లాంటి సమాచారం. మీకు సినిమా వ్యాకరణం తెలియనక్కర్లేదు, షాట్ల పేర్లు తెలియనక్కర్లేదు. బడిలో పిల్లవాడి వ్యాసం దిద్దేటప్పుడు మీరు ‘బాగాలేదు’ అని రాసి వదిలేయరు కదా, ఫలానా వాక్యం కింద గీత గీస్తారు. ఇక్కడా అదే పని.

మధ్యలో పట్టు తప్పడానికి కథే కారణమని ముందే తేల్చుకోకండి. చేతిలో డబ్బు తక్కువగా ఉన్న సినిమాల్లో చాలాసార్లు కథ కంటే ముందు శబ్దం దెబ్బ తింటుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా మనం సర్దుకుంటాము గానీ, మాట సగం వినబడకపోతే మనకు తెలియకుండానే ఆ మనుషుల నుంచి దూరం జరిగిపోతాము, ఆ దూరాన్ని విసుగు అనుకుంటాము. రీమా దాస్ అస్సాంలోని తన సొంత ప్రాంతం ఛాయ్‌గావ్‌లో తీసిన ‘విలేజ్ రాక్‌స్టార్స్’ను తమ్ముడితో కలిసి ఒకసారి చూడండి. రచన, కెమెరా, కూర్పు, దర్శకత్వం, నిర్మాణం అన్నీ ఆమె ఒక్కతే చూసుకున్నారు. గిటారు కొనుక్కోవాలని కలలు కనే ధును అనే పదేళ్ల పిల్ల, ఆమె తల్లి, వరద, చెట్ల మీద పిల్లలు, అంతే ఆ సినిమా. 65వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. దానితోపాటు ఆ చిత్రీకరణ స్థలంలో శబ్దాలు పట్టిన మల్లికా దాస్‌కు కూడా జాతీయ పురస్కారం వచ్చిందన్న సంగతి చాలామంది మరచిపోతారు. కళ్లు మూసుకుని పది నిమిషాలు ఆ సినిమా వినండి, ఆ తర్వాత మీ తమ్ముడి సినిమాలోని మధ్యభాగాన్ని అలాగే కళ్లు మూసుకుని వినండి. అక్కడ ఫ్యాన్ హోరులో మాటలు మునిగిపోతూ ఉంటే, అది సరిదిద్దుకోగలిగిన లోపం, ఆ మాటలు మళ్లీ చెప్పించుకోవచ్చు. అలా కాక అన్నీ స్పష్టంగా వినబడుతున్నా మనసు నిలవకపోతే, అప్పుడు కథ దగ్గరకు రండి.

నచ్చినదాన్ని చెప్పేటప్పుడు కూడా ఇంతే శ్రద్ధ కావాలి. ‘అద్భుతం’ అంటే అతనికి ఏమీ అందదు. పాయల్ కపాడియా తీసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’కు 2024లో కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి వచ్చిందని అందరూ చెప్పారు, రానా దగ్గుబాటి సంస్థ దాన్ని మన దేశంలో విడుదల చేసింది గనుక తెలుగు పత్రికల్లోనూ ఆ వార్త బాగానే వచ్చింది. నాకు ఆ సినిమా అంటే ఒక రైస్ కుక్కర్. ముంబైలో నర్సుగా పనిచేసే ప్రభ భర్త జర్మనీలో ఉంటాడు, చాలాకాలంగా ఫోన్ కూడా లేదు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆ దేశం నుంచి కొత్త ఎర్రటి రైస్ కుక్కర్ వస్తుంది, పంపినవారి పేరు ఉండదు. రాత్రి ఎవరూ చూడని వేళ నేల మీద కూర్చుని ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుని హత్తుకుంటుంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లిన భర్తలున్న ఇళ్లలో, వచ్చిన వస్తువును చూసి మనిషి క్షేమాన్ని ఊహించుకునే ఆడవాళ్లను ఎరిగినవారికి ఆ దృశ్యాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రెండో సగంలో కథ రత్నగిరి సముద్రతీరానికి వెళ్లాక, ముంబై హోరులో నాకు దొరికిన చిక్కదనం కొంత పలచబడిందనే అనుకున్నాను, ఆ మాటా చెబుతాను. కానీ ఆ కుక్కర్‌ను పట్టుకున్న చేతుల గురించి చెప్పకుండా ఆ సినిమా గురించి నేను మాట్లాడలేను. మీ తమ్ముడి సినిమాలో మీకు అలాంటి వస్తువు, అలాంటి చెయ్యి, అలాంటి క్షణం తప్పక ఒకటి ఉంటుంది, లేకపోతే మీరు రెండోసారి చూసేవారు కారు. మాట అక్కడ మొదలుపెట్టండి. పొగిడి మెత్తబరచడానికని కాదు. తన సినిమాలో నిలబడిన స్థలం ఏదో తెలిస్తేనే, పడిపోయిన స్థలాన్ని అతను దానితో పోల్చి చూసుకోగలుగుతాడు.

నగల గురించి ఒక మాట. మీ ఉత్తరంలో సినిమా గురించి రాసిన వాక్యాల వెనకే తాకట్టు మాట వచ్చింది, మీ అసలు భయం అక్కడుందని నాకనిపిస్తోంది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన ‘సినిమా బండి’లో, ఎవరో ఆటోలో మరచిపోయిన కెమెరాతో ఊరివాళ్లంతా కలిసి సినిమా తీయబోతారు. వారి అమాయకత్వాన్ని చూసి మనం నవ్వే కొన్ని చోట్ల నాకు ఇబ్బందిగా ఉన్నా, ఆటో నడిపే వీరబాబు మొహంలోని ఆశ మాత్రం నన్ను ఇప్పటికీ వెంటాడుతోంది. అంత ఆశ పెట్టుకున్న మనిషి ముందు డబ్బు మాట, సినిమా మాట ఒకే గుక్కలో మాట్లాడితే, అతనికి రెండోది వినబడదు. ఇలాంటి సినిమాలకు థియేటర్ దొరకడం, దొరికినా రెండో వారం నిలవడం కష్టం, ఓటీటీ సంస్థ కొంటుందన్న భరోసా కూడా లేదు. ఇవి మీ తమ్ముడికి తెలియనివి కావు. నగలు విడిపించే సంగతి ఇంటి పెద్దలతో మరొక రోజు, మరొక చోట మాట్లాడండి. మధ్యభాగం బాగాలేదన్న మీ మాటకు ‘అంత డబ్బు పోసి’ అన్న తోక తగిలించకండి, ‘అంత కష్టపడ్డాడు కదా’ అని మీ మాటను మింగకండి కూడా. ఆ రెండూ సినిమా గురించిన మాటలు కావు.

ఫోన్లో చెప్పకండి, సందేశాలుగా అసలే రాసి పంపకండి. రాతలో ‘ఇక్కడ అర్థం కాలేదు’ అన్న నాలుగు మాటలు రాత్రి పదకొండింటికి చదువుకునేవాడికి శాపనార్థంలా కనిపిస్తాయి. ఇంటికి రమ్మనండి, భోజనం పెట్టండి, ఆ తర్వాత లాప్‌టాప్ తెరిచి, మీ కాగితం పక్కన పెట్టుకుని, ఆ నిమిషం దగ్గర ఆపి చూపించండి. మీరు చెబుతున్నప్పుడు అతను ‘అది కావాలనే అలా పెట్టాను అక్కా’ అంటాడు, తప్పకుండా అంటాడు. అప్పుడు వెనక్కి తగ్గకండి, ముందుకూ దూకకండి. ‘నువ్వేం కావాలనుకున్నావు?’ అని అడిగి, అతను చెప్పింది పూర్తిగా వినండి. అతని నోటితో విన్నది మీకు తెర మీద కనబడలేదంటే కనబడలేదని చెప్పండి. విన్నాక కనబడితే, నేను గమనించలేదురా అని ఒప్పుకోండి. మీ ఒక్కరి మాట మీద అతను సినిమా కోసేయనవసరం లేదని కూడా చెప్పండి. అదే నిమిషం దగ్గర ఇంకో ఇద్దరు ముగ్గురు తడబడితే అప్పుడు కత్తెర తీయవచ్చు.

ఆ ఇద్దరు ముగ్గురు ఎవరన్న ప్రశ్న వస్తే, మీ ఆదివారపు స్నేహితులను వెంటనే పిలవకండి, వారు మాట్లాడే పద్ధతి కాస్త మారనివ్వండి. మీ ఉత్తరాన్ని నేను రెండుసార్లు చదివాను, పిన్నిగారు ఆ సినిమా చూశారో లేదో అందులో ఎక్కడా లేదు. చూడకపోతే ఆ రోజు ఆవిడను కూడా రమ్మనండి. అభిప్రాయం అడగకండి, పక్కన కూర్చుని ఆవిడ ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ చీర కొంగు సర్దుకుని తెర వైపు వంగుతారో, ఏ నిమిషంలో లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తారో గమనించి, అది కూడా మీ కాగితం మీద రాసి తమ్ముడి చేతికివ్వండి.